చాక్లెట్ బేక్డ్ ఓట్‌మీల్ రెండుసార్లు చెడింది, ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పండి

#1 తెనాలి_పిల్ల (ఫ్రిస్కో, టెక్సస్)
నమస్తే అండీ. ఏడాదిగా ఇక్కడ అందరివీ చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదటిసారి. పాపకి తొమ్మిదేళ్లు, బాబుకి ఆరు. స్కూల్ బస్సు 7:10కి. ఆ టైముకి ఇడ్లీ పెడితే ఒకటి కొరికి పళ్లెంలో వదిలేస్తారు, సీరియల్ అయితే రెండేసి గిన్నెలు లాగిస్తారు. ఆ డబ్బా మీద షుగర్ ఎంతుందో చదివిన దగ్గర్నుంచి నాకు మనసొప్పడం లేదు. పక్కింటావిడ ఒకరోజు చాక్లెట్ బేక్డ్ ఓట్‌మీల్ ఇచ్చింది. ఆదివారం ఒక ట్రే చేసి ముక్కలు కోసి పెట్టుకుంటే మూడు నాలుగు రోజులు చూసుకోనక్కర్లేదంది. మావాళ్లు ఎగబడి తిన్నారు. సరే, మనమూ చేద్దామని దిగాను.

మొదటిసారి 2 కప్పుల ఓట్స్, 2 కప్పుల పాలు, 2 గుడ్లు, అర కప్పు చాక్లెట్ పొడి. 350 ఫారెన్‌హీట్‌లో 35 నిమిషాలు. పైన కేకు, కింద జావ. అడుగున ఓట్స్ రాళ్లలా కూర్చున్నాయి. తీపి చూస్తే గులాబ్‌జామూన్ నయం.

రెండోసారి ఇంట్లో ఇంకో రకం ఓట్స్ ఉంటే అవి వేసి, పాలు 1 కప్పుకి తగ్గించి, 50 నిమిషాలు పెట్టాను. చెప్పు అట్ట తయారైంది. మావాడు "ఇది బౌన్స్ అవుతుందా అమ్మా" అని నిజంగానే నేలకేసి కొట్టి చూశాడు.

ఇంకో చిక్కు కూడా ఉంది. వచ్చే నెల అత్తయ్య, మామయ్య వస్తున్నారు. అత్తయ్యకి షుగర్. ఇద్దరూ శనివారం గుడ్డు ముట్టరు. అందరికీ పనికొచ్చేలా చేసే దారేదైనా ఉందా?

#2 పెద్దక్క (హారిస్‌బర్గ్, పెన్సిల్వేనియా)
రెండు ప్రశ్నలకి జవాబు చెప్పమ్మా. మొదటిసారి వేసిన ఓట్స్ చూడటానికి నూకల్లా ఉన్నాయా, అటుకుల్లా ఉన్నాయా? ఆ చాక్లెట్ పొడి డబ్బా వెనక మొదటి పదార్థం ఏమని రాసి ఉంది?

#3 తెనాలి_పిల్ల
ఇప్పుడే చూశాను. మొదటివి స్టీల్ కట్, నూకల్లానే ఉన్నాయి. రెండోవి పొడిపొడిగా ఉండే ఇన్‌స్టంట్ రకం. పొడి మాత్రం హాట్ చాక్లెట్ మిక్స్. మొదటి పదార్థం చక్కెర 🙈

#4 పెద్దక్క
అదీ సంగతి. నీ చెయ్యి బాగానే ఉంది, సరుకే తేడా. నూకలతో అటుకుల ఉప్మా చేయబోతే ఏమవుతుంది? అదే అయింది. స్టీల్ కట్ అంటే గింజని ముక్కలుగా కోసినవి, 35 నిమిషాల్లో ఉడకవు, రాత్రంతా పాలలో నానబెడితే తప్ప. ఇన్‌స్టంట్‌వి ఉడికించి బాగా పలచగా నొక్కేసినవి, తడి తగలగానే ముద్దయిపోతాయి. నీకు కావలసింది రోల్డ్ ఓట్స్. డబ్బా మీద ఓల్డ్ ఫ్యాషన్డ్ అని ఉంటుంది. అచ్చం మందపాటి అటుకుల్లా ఉంటాయి.

నేనుండే ఊరి నుంచి లాంకాస్టర్ ఎంతో దూరం లేదు. అక్కడి ఆమిష్ వాళ్ల (పాతకాలపు పద్ధతుల్లో బతికే క్రైస్తవ సమూహం) ఇళ్లలో ఈ బేక్డ్ ఓట్‌మీల్ పాత అలవాటు. మామూలుగా బ్రౌన్ షుగర్, వెన్న దండిగా వేసి చేసి, వేడివేడిగా గిన్నెలో వేసుకుని పైన చల్లటి పాలు పోసుకుంటారు. మొదటిసారి తిన్నప్పుడు పాయసంలో చల్లపాలు పోసినట్టు వింతగా అనిపించింది, ఇప్పుడు నాకూ అలా లేకపోతే తోచదు. చాక్లెట్ వేయడం తర్వాతవాళ్ల తెలివి.

నేను చేసే కొలత రాసుకో. 8 బై 8 అంగుళాల గాజు ట్రేకి:

రోల్డ్ ఓట్స్ 2 కప్పులు. తీపి లేని కోకో పొడి పావు కప్పు. బేకింగ్ పౌడర్ 1 టీస్పూన్, ఉప్పు అర టీస్పూన్, దాల్చినచెక్క పొడి అర టీస్పూన్. పాలు 1¾ కప్పులు. గుడ్లు 2. తొక్క మీద నల్ల మచ్చలు పడ్డ అరటిపళ్లు 2. గింజ తీసిన ఖర్జూరాలు 8 (చిన్నవి, మెడ్జూల్ అనే పెద్ద రకం అయితే 3 చాలు). పీనట్ బటర్ 2 టేబుల్ స్పూన్లు. వెనిల్లా 1 టీస్పూన్. వాల్‌నట్స్ గుప్పెడు.

ముందు ఖర్జూరాలు వేడినీళ్లలో పది నిమిషాలు నానేసి, నీళ్లు వంపేసి, అరటిపండుతో కలిపి మిక్సీలో మెత్తగా తిప్పు. ఇప్పుడు అసలు మెళకువ. కోకోని పొడిగా ఓట్స్‌లో గుమ్మరించకు. పాలల్లోంచి అర కప్పు తీసి వేడి చేసి, కోకో మీద కొంచెం కొంచెంగా పోస్తూ బూస్ట్ కలిపినట్టు ఉండ లేకుండా పేస్టు చెయ్యి. కోకో వాసన అప్పుడే విచ్చుకుంటుంది. లేదంటే ముక్క కోసినప్పుడు మధ్యలో చేదు ఉండలు తగులుతాయి, పిల్లలు ఒక్క ఉండకే పళ్లెం పక్కన పెట్టేస్తారు. ఆ పేస్టు కాస్త ఆరాకే గుడ్లు కలుపు, వేడి మీద కలిపితే గుడ్డు ఉడికిపోయి తెల్లటి పోగులు వస్తాయి. ఆ తర్వాత మిగతావన్నీ కలిపి, వెన్న రాసిన ట్రేలో పోసి పదిహేను నిమిషాలు అలా వదిలెయ్యి.

350లో 35 నిమిషాలు. అంచులు ట్రేని వదలాలి. మధ్యలో వేలితో నొక్కితే మెత్తగా ఉండాలి కానీ కింద నీళ్లు కదిలినట్టు ఉండకూడదు. తీశాక పావుగంట కొయ్యకు. ఓట్స్ అప్పుడు కూడా తడి పీలుస్తూనే ఉంటాయి.

#5 జొన్నరొట్టె (మహబూబ్‌నగర్)
క్షమించాలి, నేను అడగకుండా ఉండలేను. మనింట్లో జొన్నలు, సజ్జలు, రాగులు పెట్టుకుని ఈ ఓట్స్ వెంట ఎందుకు పడాలె? 2023ని చిరుధాన్యాల సంవత్సరమని ఐక్యరాజ్యసమితే ప్రకటించింది. మా నాయనమ్మ పొద్దున రాగి అంబలి తాగి పొలం పోయేది. ఆమెకు చాక్లెట్ అవసరం పడలేదు.

#6 సోడాబుడ్డి (మెల్‌బోర్న్)
అన్నా, మీ నాయనమ్మకి 7:10 బస్సు కూడా లేదు 😀

#7 పెద్దక్క
జొన్నరొట్టె గారూ, మీ మాటలో నిజముంది. నా సొంత కొలతలో పావు కప్పు ఓట్స్ తీసేసి పావు కప్పు రాగిపిండి వేస్తాను. రాగి రంగు, కోకో రంగు కలిసిపోతాయి, వేసినట్టు ఎవరికీ తెలియదు. మా ఆయన మూడేళ్లుగా తింటున్నారు, ఈ ముక్క చదివితేనే తెలియాలి. మొత్తం రాగి మాత్రం వద్దు, హల్వాకీ కేకుకీ మధ్యలో ఆగిపోతుంది.

#8 ఓవెన్_లేదు (కూకట్‌పల్లి)
బ్యాచిలర్ రూమ్ నుంచి ఒక విన్నపం. ఓవెన్ లేదు. కుక్కర్ ఉంది. రూమ్మేట్‌ని ఓట్స్ తెమ్మంటే ఆఫర్ ఉందని మసాలా ఓట్స్ ప్యాకెట్లు ఎనిమిది తెచ్చాడు. అవి పనికొస్తాయా? ఖర్జూరాల బదులు బెల్లం వేయొచ్చా?

#9 సోడాబుడ్డి
మసాలా ఓట్స్‌లో కోకోనా? తమ్ముడూ, దయచేసి ఆ ప్రయోగం చేస్తే ఫోటో పెట్టు.

బెల్లం విషయం. పరమాన్నంలో బెల్లం ఎప్పుడు వేస్తాం? దించాక, కాస్త చల్లారాక. మరుగుతుండగా వేస్తే పాలు విరుగుతాయని అమ్మలు చెప్తారు కదా. ఓవెన్‌లో కూడా పాలు కొంచెం విరగొచ్చు. కాకపోతే ఇందులో గుడ్డు, ఓట్స్, కోకో అన్నీ కలిసి ఉండటంతో కంటికి కనపడదు, రుచిలోనూ తేడా రాదు. బెల్లం వేస్తే మాత్రం తురిమి ముందే పాలలో కరిగించు. గడ్డలుంటే అడుగున పాకం పట్టి ట్రేకి అతుక్కుంటుంది.

ఇక సోడా, బేకింగ్ పౌడర్ గొడవ. నా పేరే సోడాబుడ్డి కాబట్టి ఇది నేనే చెప్పాలి. కోకో రెండు రకాలు. మామూలు కోకోలో కాస్త పులుపు గుణం ఉంటుంది. డచ్ ప్రాసెస్ అని రాసి ఉన్నది క్షారంతో ఆ పులుపు తీసేసింది, రంగు బాగా ముదురు, చేదు తక్కువ. వంటసోడా పొంగాలంటే పులుపు తగలాలి. డచ్ కోకోతో సోడా ఒక్కటే వేస్తే పొంగదు, పైగా సబ్బు రుచి మిగులుతుంది. బేకింగ్ పౌడర్‌లో ఆ పులుపు ముందే కలిపి ఉంటుంది కాబట్టి ఏ కోకో అయినా నడుస్తుంది. అక్క కొలతలో పౌడరే రాసింది, దాన్ని మార్చొద్దు.

#10 లెక్కల_మాస్టారు (విశాఖ)
పెద్దక్క గారి కొలతకి లెక్క కట్టాను, ఆదివారం ఖాళీ. 2 కప్పుల ఓట్స్ అంటే సుమారు 160 గ్రాములు. మొత్తం ట్రే 1,850 కేలరీలకి అటూ ఇటూ. 9 ముక్కలు చేస్తే ముక్కకి 200 పైచిలుకు, ప్రొటీన్ 7 నుంచి 8 గ్రాములు, పీచు 4 గ్రాములు, పిండిపదార్థం 27 గ్రాముల దాకా. అన్నీ ఉజ్జాయింపే, అరటిపండు సైజు మారితే ఇవీ మారతాయి.

రెండు మాటలు చెప్పాలి. ఓట్స్ కొలెస్ట్రాల్ తగ్గిస్తాయని అందరూ అంటారు. దానికి కారణం బీటా గ్లూకాన్ అనే కరిగే పీచు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1997లో ప్యాకెట్ల మీద ఆ మాట రాసుకోవడానికి అనుమతిచ్చింది, కానీ రోజుకి 3 గ్రాముల బీటా గ్లూకాన్ అందాలన్నది అందులో లెక్క. మన ముక్క ఒక్కదాంట్లో ఒక గ్రాము కూడా ఉండదు. కాబట్టి ముక్క తిని మాత్ర మానేయకండి.

బెల్లం మంచిది, చక్కెర చెడ్డది అనేవాళ్లకి: ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 సూచనల ప్రకారం విడిగా కలిపే చక్కెరలు రోజువారీ కేలరీల్లో 10 శాతం లోపు ఉండాలి, 5 శాతం లోపుంటే ఇంకా మంచిది. పెద్దవాళ్లకి ఆ 5 శాతం అంటే దాదాపు 25 గ్రాములు. తేనె, సిరప్‌లు, పళ్లరసం కూడా అదే ఖాతా. బెల్లానికి వేరే ఖాతా లేదు.

#11 జొన్నరొట్టె
> బెల్లానికి వేరే ఖాతా లేదు

ఇది మా ఇంట్ల చదివి వినిపిస్త, నాకు భోజనం పెట్టరు.

#12 తెనాలి_పిల్ల
మాస్టారూ, మరి అత్తయ్య సంగతి? షుగర్ ఉన్నవాళ్లకి ఓట్స్ అంటే ఫర్వాలేదనుకుని నిశ్చింతగా ఉన్నాను. 27 గ్రాములంటే టెన్షన్ వస్తోంది.

#13 లెక్కల_మాస్టారు
టెన్షన్ పడకమ్మా. రెండు మూడు ఇడ్లీల్లో కూడా దాదాపు అంతే పిండిపదార్థం ఉంటుంది. తినకూడని వస్తువని కాదు, ఒక్క ముక్కతో చెయ్యి ఆపాలి. ఆవిడ వాటాకి ఖర్జూరాలు తీసేసి, ఒక్క అరటిపండుతో సరిపెట్టి, వాల్‌నట్స్ ఎక్కువ వేయి. పక్కన ఒక ఉడికించిన గుడ్డు పెట్టు. తిన్న రెండు గంటలకి ఇంట్లో మెషీన్‌తో చూసుకోమను. మందులు, ఇన్సులిన్ మోతాదు మాత్రం డాక్టరు మాటే.

#14 పెద్దక్క
గుడ్డు లేని శనివారం ట్రేకి: అవిసె గింజల పొడి 2 టేబుల్ స్పూన్లు, నీళ్లు 6 టేబుల్ స్పూన్లు కలిపి పది నిమిషాలు ఉంచు. బెండకాయ జిగురులా సాగుతుంది, అదే రెండు గుడ్ల పని చేస్తుంది. గింజలుగా వేస్తే జిగురు రాదు, పొడే కావాలి. ముక్క కాస్త మెత్తగా వస్తుంది, అందుకని ఇంకో ఐదు నిమిషాలు ఓవెన్‌లో ఉంచి, పూర్తిగా చల్లారాక కొయ్యి.

పిల్లల స్కూల్లో పల్లీలు రానివ్వరా? అయితే సన్‌ఫ్లవర్ బటర్ వేసుకో.

#15 సోడాబుడ్డి
అక్క సన్‌ఫ్లవర్ బటర్ అంది కాబట్టి ఒక చిన్న వింత. అందులో ఉండే ఒక ఆమ్లం సోడాతో కలిస్తే చల్లారేసరికి ఆకుపచ్చ తిరుగుతుంది. మామూలు బిస్కెట్లలో చూసి బూజు పట్టిందనుకుని నేనొకసారి ట్రే మొత్తం పారేశాను. హాని ఏమీ లేదట, తర్వాత తెలిసింది. కోకో వేస్తే ఆ రంగు అసలు కనపడదు.

#16 పెద్దక్క
ఓవెన్_లేదు తమ్ముడూ, నిన్ను మర్చిపోలేదు. పాత కుక్కర్ ఒకటి చూసుకో, కొత్తది పాడుచేయకు. అడుగున రాళ్ల ఉప్పు ఒక అంగుళం మందాన పరిచి, మీద స్టాండు పెట్టు. మూత రబ్బరూ, విజిలూ రెండూ తీసేయాలి. చుక్క నీళ్లు పోయకూడదు. పది నిమిషాలు మధ్యస్తం మంట మీద వేడెక్కాక, ఓట్స్ పోసిన గిన్నె పెట్టి సన్నమంట మీద 40 నిమిషాలు.

ఇంతకన్నా నాకు నచ్చేది గుంత పొంగనాల పెనం. ఒక కప్పు ఓట్స్ మిక్సీలో రెండు తిప్పులు తిప్పి, ఒక అరటిపండు, 2 టేబుల్ స్పూన్ల కోకో, ముప్పావు కప్పు పాలు, చిటికెడు బేకింగ్ పౌడర్ కలిపి పది నిమిషాలు నాననివ్వు. గుంటకి రెండు చుక్కల నెయ్యి, సన్నమంట, మూత. ఒకటే జాగ్రత్త: పిండే నల్లగా ఉంటుంది కాబట్టి మాడిందో లేదో కంటికి తెలియదు. ముక్కుతో చూడాలి. చాక్లెట్ వాసన కాస్త ఘాటెక్కగానే పుల్లతో తిప్పెయ్యి.

#17 నిర్వాహకులు
ఓట్స్ గొప్పా జొన్నలు గొప్పా అన్న చర్చకి వేరే విభాగం ఉంది. అక్కడ ఇప్పటికే నలభై పేజీలు దాటింది. ఇక్కడ వంట మాత్రమే.

#18 తెనాలి_పిల్ల
వచ్చింది!! మూడో ట్రే. అక్క కొలత పొల్లుపోకుండా. ఒక్క మార్పు, పైన రెండు చెంచాల డార్క్ చాక్లెట్ చిప్స్ చల్లాను, లేకపోతే మావాళ్లు దాన్ని చాక్లెట్ అని ఒప్పుకోరు. మొత్తంలో కలపకుండా పైన చల్లితే కొంచెమే చాలా కనపడుతుంది, ఇది నా సొంత తెలివి.

అంచు ముక్కలు గట్టిగా, మధ్య ముక్కలు మెత్తగా వచ్చాయి. పాపకి అంచు, బాబుకి మధ్య, కొట్లాట లేదు. మావారు మాత్రం "ఇందులో తీపి ఏది" అన్నారు. రెండో రోజు అదే మనిషి అడగకుండా రెండు ముక్కలు తిన్నారు. చల్లారి ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉన్నాక ఖర్జూరం తీపి బయటికొస్తుందా, లేక నాకే అలా అనిపిస్తోందా?

#19 పెద్దక్క
నీకే కాదు. మొదటి రోజు కోకో చేదు ముందుంటుంది, తెల్లారేసరికి అన్నీ సర్దుకుంటాయి, పులిహోరలాగా. ఫ్రిజ్‌లో నాలుగు రోజులు, అంతకు మించి వద్దు. మిగతావి విడివిడిగా చుట్టి ఫ్రీజర్‌లో వేస్తే రెండు నెలలు ఉంటాయి. రేపు కావలసినవి ముందు రాత్రి కిందకి దించు. వేడి చేసేటప్పుడు ముక్క మీద ఒక చెంచా పాలు పోసి మైక్రోవేవ్‌లో 40 సెకన్లు. పాలు పోయకపోతే ఎండిపోతుంది.

#20 తెనాలి_పిల్ల (ఐదు వారాల తర్వాత)
మళ్లీ వచ్చాను. అత్తయ్య, మామయ్య వచ్చి రెండు వారాలైంది. మొదటి రోజు అత్తయ్య ముక్కని చెంచాతో కదిపి చూసి "ఏంటమ్మా ఇది, తీపి ఉప్మానా?" అన్నారు. నేనేం మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున్న లేచేసరికి ఆవిడే పిల్లలకి వేడి చేసి పెడుతున్నారు.

మాస్టారు చెప్పినట్టు మెషీన్‌తో చూశాం. రెండు ముక్కలు తిన్న రోజు రెండు గంటలకి 208. ఖర్జూరం లేని ముక్క ఒకటి, గుడ్డు తిన్న రోజు 161. రెండు రోజులకే ఏమీ తేల్చలేం, తెలుసు. అయినా ఆవిడ ఆ 208 చూశాక తనంతట తనే ఒకటికి దిగారు, నా నోటితో చెప్పాల్సిన పని తప్పింది.

శనివారం ట్రేకి టేపు అంటించి "శ" అని రాసిపెడుతున్నాను. మొన్న టేపు ఊడిపోయింది. ఏది ఏదో తెలియక మామయ్య ఆ రోజు రెండూ ముట్టకుండా అటుకులు తిన్నారు.

#21 జొన్నరొట్టె
అటుకులు తిన్నాడు చూడు, ఆయన మనవాడు.

#22 ఓవెన్_లేదు
పొంగనాల పెనం కొన్నాను అక్కా. మొదటి విడత మాడింది, ముక్కు జలుబుతో ఉంది. రెండో విడత సూపర్. రూమ్మేట్ ఏడు తిన్నాడు. మసాలా ఓట్స్ ఇంకా ఆరు ప్యాకెట్లు ఉన్నాయి, వాటినేం చేయమంటారు?

#23 పెద్దక్క
రూమ్మేట్‌కి పెట్టు.